పిచ్చర్ ప్లాంట్‌కు ఏ మిశ్రమం వాడాలి? వరంగల్ ఎండకు, మన బోరు నీళ్లకు తట్టుకునేది చెప్పండి

తూర్పు బాల్కనీ, హన్మకొండ | మే 29

అందరికీ నమస్తే. ఆకు చివర కూజాలు కట్టి పురుగులను పట్టే పిచ్చర్ ప్లాంట్ పెంచాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఈ మధ్య ఇక్కడ ఒక నర్సరీలో కడియం లోడు దిగితే అందులో కనిపించింది, వెంటనే తెచ్చేసుకున్నాను. వేలాడదీసే ప్లాస్టిక్ కుండీలో ఉంది. లేబుల్ మీద ‘నెపెంథిస్’ అని తప్ప రకం పేరు లేదు. కూజాలు లేత ఆకుపచ్చ మీద ఎరుపు, నడుం దగ్గర కాస్త సన్నగా ఉంటాయి. తెచ్చినప్పుడు నిండుగా ఉన్నవి ఇప్పుడు మూతల దగ్గర నుంచి ఎండుతూ వస్తున్నాయి. కొత్త ఆకు చివర తీగ వస్తోంది గానీ దాని కొసన బియ్యపు గింజంత మొగ్గ కట్టి, నల్లబడి అక్కడే ఆగిపోతోంది.

కుండీలో ఉన్నది మొత్తం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి. వేలు పెడితే ముద్దలా తగులుతోంది. మాది రెండో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ, పది గంటల దాకా ఎండ పడుతుంది. నీళ్లు బోరువే. యూట్యూబ్‌లో ఒకరు కోకోపీట్ చాలంటారు, ఒకరు మాస్ (స్ఫాగ్నమ్ అనే నాచు) లేకపోతే బతకదంటారు, ఇంకొకరు కుండీ నిండా బొగ్గే వేశారు. వాళ్లలో చాలామందిది కేరళో బెంగళూరో. మన ఎండల్లో పెంచుతున్నవాళ్లు ఏం వాడుతున్నారో చెప్పగలరా?


తీగల పందిరి, కాజీపేట | మే 29

మేడం, మీరు చెప్పిన పోలికలను బట్టి అది వెంట్రాటా అయ్యుంటుంది. ఫిలిప్పీన్స్ మొక్కలైన వెంట్రికోసా, అలాటాల సంకరం. మన నర్సరీలకు వచ్చేవాటిలో ఎక్కువ ఇదే, కాదంటే మిరాండా. రెండూ మొండి రకాలే, మన దగ్గర బతుకుతాయి. టెన్షన్ పడకండి.

కానీ ఇప్పుడు కుండీ మాత్రం మార్చకండి. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఈ రోజుల్లో వేరు కదిపితే మొక్క తేరుకోవడం కష్టం. మృగశిర వచ్చి, నాలుగు వానలు పడి, గాలిలో తేమ పెరిగాక మార్చండి. ఈలోపు బోరు నీళ్లు ఆపి ఆర్వో నీళ్లు పట్టండి. మొదటిసారి కుండీ కింద బకెట్ పెట్టి, అడుగు నుంచి ధారగా కారేదాకా నిదానంగా పోయండి. కాసేపు ఆగి మళ్లీ పోయండి. పీట్‌లో పేరుకున్న ఉప్పులు చాలావరకు దిగిపోతాయి. పదింటి ఎండ కూడా మే నెలలో ఎక్కువే, ఒక పొర గ్రీన్ నెట్ కట్టండి.

ఇక మిశ్రమం గురించి. ఈ మొక్క వేరు నల్లగా, దారంలా సన్నగా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది. అలాంటి వేరుకు తడి ఎప్పుడూ ఉండాలి, ఆ తడిలో గాలి ఆడాలి, ఆ నీళ్లలో ఉప్పులు ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే మీరు ఏ పదార్థం వాడినా మొక్క అడగదు. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పేది అందుకే. ఎవరి ఊరి గాలికి, నీళ్లకు వాళ్లు సరిచేసుకున్న లెక్కలవి. వాటిని మక్కీకి మక్కీ దించితే మనకు పనికిరావు.


సేంద్రియ మేడతోట, జగిత్యాల | మే 30

నా డాబా మీద టమాట నుంచి డ్రాగన్ ఫ్రూట్ దాకా అన్నిటికీ ఒకటే మిశ్రమం. ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. పదిహేను రోజులకోసారి జీవామృతం. మొక్క ఏదైనా నేల బాగుంటేనే కదా బాగుండేది. దీనికి కూడా కనీసం పావు వంతు వర్మీ వేసి చూడండి చెల్లీ, కూజాలు రాకపోవడం పోషకాల లోపమే అనిపిస్తోంది నాకు.


తీగల పందిరి, కాజీపేట | మే 30

అక్కా, మీ డాబా ఫొటోలు నేనూ చూస్తుంటాను, కూరగాయలకు మీ లెక్కకు తిరుగులేదు. దీనికి మాత్రం వద్దు. వర్మీ, వేపపిండి, పశువుల ఎరువు, ఎముకల పొడి, ఏదీ వేర్ల దగ్గరికి రానివ్వకూడదు. ఎందుకో మాస్టారు చెబితే బాగుంటుంది.


వృక్షశాస్త్రం మాస్టారు, కరీంనగర్ | మే 30

చెబుతాను. నెపెంథిస్ జాతులు పెరిగే చోట్లు చూడండి. బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ కొండల మీద నాచు పట్టిన వాలులు, ఇసుక నేలలు, కొన్ని అయితే చెట్ల కొమ్మల మీదే. ఏడాదంతా కురిసే వాన ఆ నేలలోని లవణాలను కడిగేసి ఉంటుంది. అక్కడ వేరు తోడుకోవడానికి నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. అందుకే మొక్క ఆకు చివరను కూజాగా మార్చుకుని పురుగుల నుంచి వాటిని రాబట్టుకుంటోంది. వేరు పని ముఖ్యంగా నీళ్లు తాగడం, మొక్కను పట్టి నిలపడం. అలాంటి వేరు చుట్టూ వర్మీ పెడితే, టమాట సంతోషంగా తాగే ఆ లవణాలు దీని వేరు కొసలను మాడుస్తాయి. పైగా వర్మీ సన్నటి పదార్థం, తడిస్తే ముద్దయి గాలి సందులన్నీ మూసేస్తుంది. రెండు రకాలుగా నష్టం.

ఎర్రమట్టి, రేగడి కూడా అంతే. మన చెల్క నేలైనా సరే, కుండీలో వేసి రోజూ నీళ్లు పోస్తే నాలుగు నెలల్లో గట్టిపడుతుంది. రేగడిలో సున్నం పాలు కూడా ఎక్కువ. ఈ మొక్కకు కావలసింది కాస్త ఆమ్ల గుణమున్న మాధ్యమం.

జగిత్యాల అక్కగారు అన్న పోషకాల సంగతి కొట్టిపారేసేది కాదు. ఆకలి దీనికీ ఉంటుంది. కాకపోతే తిండి కూజాలోకి వెళ్లాలి. బాల్కనీలో వేలాడుతుంటే చీమలూ ఈగలూ అవే పడతాయి. కొత్త కూజా రాకపోవడానికి మాత్రం తిండి లోపం కంటే గాలిలో తేమ తక్కువ కావడం, వెలుతురు చాలకపోవడం, వేరు దెబ్బతినడం ముందు అనుమానించాలి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. ఆ గాలికి తీగ కొసన మొగ్గ ఎండిపోతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక విన్నపం. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఒక్కటే, ఖాసియానా, మేఘాలయలో ఉంటుంది. దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారాలో దాని కోసమే ఒక అభయారణ్యం ఉంది. అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క, అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్‌లో మొదటి అనుబంధంలో ఉంది. ఎవరైనా ‘అడవి నుంచి తెచ్చిన ఖాసియానా’ అని ఆన్‌లైన్‌లో అమ్మితే దయచేసి కొనకండి. నర్సరీలో కణజాల వర్ధనంతో, కొమ్మ కత్తిరింపులతో పెంచినవి కావలసినన్ని దొరుకుతున్నాయి.


సేంద్రియ మేడతోట, జగిత్యాల | మే 30

మాస్టారూ, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. సరే, వర్మీ మాట వెనక్కి తీసుకుంటున్నా. పాపం, చెల్లి మొక్క బతకడమే కావాలి.


నల్లబంగారం, గోదావరిఖని | మే 31

కోకోపీట్‌ను అందరూ ఎందుకు తిడుతున్నారో అర్థం కావట్లేదు. నా దగ్గర మిరాండా కోకోపీట్, పెర్లైట్ (గాలి ఆడటానికి వేసే తెల్లటి తేలిక గింజలు) సగం సగంలో ఉంది. కూజాలు జానెడు పొడవు వస్తున్నాయి. మాస్ కిలో ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అందరూ అంత పెట్టలేరు కదన్నా.


తీగల పందిరి, కాజీపేట | మే 31

మీరు పీట్‌ను కడిగి వాడారా, నేరుగా వాడారా?


నల్లబంగారం, గోదావరిఖని | మే 31

బాగా కడిగాను. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి మరీ కడిగాను. పద్ధతి రాస్తాను, పనికొచ్చేవాళ్లకు పనికొస్తుంది.

ఇటుక ఆకారంలో వచ్చే దిమ్మెను పెద్ద టబ్బులో వేసి నీళ్లు పోస్తే గంటలో పొంగి విడిపోతుంది. ఆ నీళ్లు చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటాయి. ఒక గ్లాసు తీసి మీటర్ ముంచితే అంకె వందల్లో, కొన్ని దిమ్మెలకైతే వెయ్యి దాటి చూపిస్తుంది. కొబ్బరి పీచును ఉప్పు కయ్యల్లో, బ్యాక్‌వాటర్‌లో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన సరుకులో సోడియం, పొటాషియం ఉప్పులు అంత పేరుకుని ఉంటాయి. పాత నైలాన్ దోమతెర సంచిలో పోసి పిండి, మళ్లీ నీళ్లలో వేసి, ఒక రాత్రి వదిలి మళ్లీ పిండాలి. మొదటి కడుగుళ్లకు బోరు నీళ్లైనా ఫర్వాలేదు, ఆఖరి రెండు మాత్రం వాననీళ్లతోనో ఆర్వోతోనో చేయాలి. పోసిన నీళ్ల అంకెకూ పిండిన నీళ్ల అంకెకూ తేడా బాగా తగ్గిపోయేదాకా ఆపకూడదు. కడిగిన పీట్‌ను జల్లెడలో వేసి సన్నటి పొడిని పారేస్తే ముద్ద కట్టే గుణం కూడా చాలా తగ్గుతుంది.

ఇంకో సంగతి. మాదిక్కు బొగ్గు అంటే రాక్షసి బొగ్గే చేతికి దొరుకుతుంది. దాన్ని మాత్రం కుండీలో వేయకండి. గంధకం, ఇంకా ఏవేవో లోహాలు ఉంటాయి. కట్టె బొగ్గు అయితేనే వాడండి, అదీ బూడిద పోయేదాకా కడిగి.


తీగల పందిరి, కాజీపేట | జూన్ 1

అన్నా, ఇంత శ్రద్ధగా కడిగే ఓపిక ఉంటే కోకోపీట్‌తో నాకు గొడవే లేదు. నర్సరీ నుంచి వచ్చే కుండీల్లో ఉండేది కడగని పీట్, అందులో పెర్లైట్ కూడా ఉండదు. మేడం కుండీలో ఉన్నది అదే. నర్సరీ షెడ్డులో మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు నడుస్తుంటాయి కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది, మన బాల్కనీకి వచ్చాక మూడు నాలుగు నెలలకు వేరు కుళ్లడం మొదలవుతుంది.


పూలకొమ్మ, నిజామాబాద్ | జూన్ 1

నేను ఆర్కిడ్లు పెంచుతాను, పక్కనే రెండు నెపెంథిస్‌లు. పీట్ కంటే కొబ్బరి పీచు ముక్కలు మేలని నా గట్టి నమ్మకం. థాయిలాండ్‌లో వీటిని పెద్ద ఎత్తున పెంచేవాళ్లు ఎక్కువగా తరిగిన కొబ్బరి పీచులోనే పెంచుతారు. అక్కడి ఎండ మన ఎండకు దగ్గరే, తేమ ఒక్కటే వాళ్లకు ఎక్కువ.

ఆన్‌లైన్‌లో ‘హస్క్ చిప్స్’ అని దొరుకుతాయి. కొనక్కర్లేదు కూడా. గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవాళ్లను అడిగితే ఎండిన డొక్కలు సంచి నిండా ఇస్తారు. బాగా ఎండి గోధుమ రంగుకు తిరిగినవే తీసుకోండి. పచ్చి బోండాం డొక్క వద్దు, బూజు పట్టి పులుస్తుంది. గట్టి కత్తెరతో అర అంగుళం నుంచి అంగుళం లోపు ముక్కలు కోసి, బకెట్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ ఉండండి. ఎర్రటి రంగు దిగడం ఆగిపోయాక వాడుకోవచ్చు. ముక్క లోపల తడి నిలుస్తుంది, ముక్కకూ ముక్కకూ మధ్య గాలి ఆడుతుంది. వేరు వెళ్లి ఆ ముక్కలను అల్లుకుంటుంది. ఒకటిన్నర, రెండేళ్లకు మెత్తబడతాయి, అప్పుడు మార్చుకోవాలి.


మొగ్గలు, మంచిర్యాల | జూన్ 2

మాస్ పేరుతో నాకు ఒక షాపులో ఆకుపచ్చ చాపలాంటిది ఇచ్చారు. బుట్టల అలంకరణకు వాడేది. ఇదేనా స్ఫాగ్నమ్?


పూలకొమ్మ, నిజామాబాద్ | జూన్ 2

కాదండీ. అది కొండల్లో రాళ్ల మీది నుంచి ఒలిచిన మామూలు నాచు. స్ఫాగ్నమ్ ఎండినప్పుడు లేత గడ్డి రంగులో, పొడుగు పోగులుగా ఉంటుంది. ఒక పోగు విడదీసి నీళ్లలో వేయండి. నిమిషంలో ఉబ్బుతుంది, కొసన చిన్న చుక్కలా విప్పుకున్న తల కనిపిస్తుంది. పిండితే నీళ్లు కారి, వదిలేస్తే మళ్లీ పొంగుతుంది. ఆకుపచ్చ నాచుకు ఆ గుణం లేదు, రెండు నెలల్లో కుళ్లి జారుడుగా అవుతుంది. మంచి సరుకు చిలీ నుంచి, న్యూజిలాండ్ నుంచి వస్తుంది. 150 గ్రాముల దిమ్మె నానితే టబ్బు నిండుతుంది, కాబట్టి ధర చూసి భయపడకండి, ఒక మొక్కకు అందులో కొంతే పడుతుంది.

పొడి మాస్‌ను విప్పేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి. అందులో ఒక రకం శిలీంధ్రం ఉండొచ్చు, చేతి మీద గాయాలుంటే చర్మవ్యాధి వస్తుంది. పెర్లైట్ సంచి కూడా ముందు తడిపిన తర్వాతే ఒంపండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.


వృక్షశాస్త్రం మాస్టారు, కరీంనగర్ | జూన్ 2

స్ఫాగ్నమ్‌కు ఇంకో మేలు ఉంది. దాని కణగోడలు నీళ్లలోని కాల్షియంలాంటి అయాన్లను పట్టుకుని హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి. అంటే చుట్టూ ఆమ్ల గుణం అదే కల్పించుకుంటుంది. గట్టి నీళ్లు పోస్తూ ఉంటే ఆ శక్తి కొన్నాళ్లకు అయిపోతుంది, మాస్ నల్లబడి చస్తుంది. కాబట్టి ఎంత ఖరీదైన మాస్ వేసినా బోరు నీళ్లు పోస్తే డబ్బు దండగ.


చలికాలం, ఆదిలాబాద్ | జూన్ 2

నీళ్ల సంగతి తేల్చండి సార్. మా బోరు నీళ్లు మేం తాగుతాం, రుచిగానే ఉంటాయి. మొక్కకు ఎందుకు పనికిరావు?


వృక్షశాస్త్రం మాస్టారు, కరీంనగర్ | జూన్ 2

తాగునీటికి మన భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన టీడీఎస్ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీటివనరు లేకపోతే 2000 దాకా అనుమతిస్తుంది. ఈ మొక్క పెంచేవాళ్లు పెట్టుకునే హద్దు 50, గట్టిగా అంటే 100. మనిషికి చక్కగా సరిపోయే నీళ్లలో కూడా దీనికి ఉప్పు ఎక్కువన్నమాట. కుండీలో నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. ఎండ ఎక్కువున్న చోట ఆవిరి ఎక్కువ, కాబట్టి ఉప్పు పేరుకోవడమూ ఎక్కువ.


తూర్పు బాల్కనీ, హన్మకొండ | జూన్ 3

మా వీధిలో నీళ్ల ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటాం. మీటర్ తెప్పించి చూశాను, 62 వచ్చింది. బోరు నీళ్లు 840! ఏసీ నుంచి కారే నీళ్లు 14. ఏసీ నీళ్లు వాడొచ్చా?


తీగల పందిరి, కాజీపేట | జూన్ 3

వాడొచ్చు, ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లే కదా. సర్వీసింగ్ చేయించిన వెంటనే వచ్చేవి మాత్రం పట్టకండి, క్లీనింగ్ మందు కలిసి ఉంటుంది. వానలు మొదలయ్యాక డాబా మీద శుభ్రమైన డ్రమ్ము పెట్టి పట్టుకోండి. మొదటి వాన వదిలేయండి, దుమ్మంతా అందులో దిగుతుంది. పట్టిన డ్రమ్ముకు మూత బిగించండి, లేకపోతే దోమలు.


మొగ్గలు, మంచిర్యాల | జూన్ 4

పెర్లైట్ మా ఊళ్లో దొరకట్లేదు. ఒక నర్సరీ అబ్బాయి థర్మాకోల్ బాల్స్ వేసుకోమన్నాడు. ఇంకొకరు ఊక బూడిద అన్నారు. ఇటుక ముక్కలు, గ్రానైట్ చిప్స్, ఇలా ఏదైనా?


తీగల పందిరి, కాజీపేట | జూన్ 4

థర్మాకోల్ విషం కాదు గానీ చుక్క నీరు పట్టుకోదు, నీళ్లు పోసిన ప్రతిసారీ పైకి తేలి ఎగిరిపోతుంది. ఊక బూడిద వద్దే వద్దు. రైస్ మిల్లుల దగ్గర ఊరికే దొరుకుతుంది కాబట్టి చాలామంది వాడతారు, అది క్షారం. ఈ మొక్కకు కావలసిన దానికి సరిగ్గా వ్యతిరేకం. పాత గోడ కూల్చిన ఇటుక ముక్కల్లో సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి, వద్దు.

గ్రానైట్ చిప్స్‌తో ప్రమాదం లేదు. కాకపోతే రాయి నీరు తాగదు, వేలాడే కుండీకి బరువు. అడుగున నాలుగు ముక్కలు వేసుకోండి, అంతే. పాలరాయి చిప్స్ తెల్లగా అందంగా ఉన్నాయని పైన పరుస్తారు, అవి సున్నపురాయి కుటుంబమే. అనుమానం ఉంటే రాయి మీద నాలుగు చుక్కలు నిమ్మరసం గానీ వెనిగర్ గానీ వేసి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా సుయ్‌మని నురగ వచ్చిందంటే సున్నం ఉన్నట్టే, పక్కన పెట్టేయండి.

పెర్లైట్‌కు సరైన బదులు ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వతపు రాయి. ఆర్కిడ్ల సామాను అమ్మేచోట దొరుకుతుంది. ఏదీ దొరక్కపోతే కట్టె బొగ్గును శనగ గింజంత ముక్కలుగా కొట్టి కడిగి వేయండి. వర్మిక్యులైట్‌ను పెర్లైట్ అనుకుని తెచ్చుకోకండి, బంగారు రంగు పలకల్లా ఉండేది అది. కొన్నాళ్లకు నలిగి బురదవుతుంది.


పూలకొమ్మ, నిజామాబాద్ | జూన్ 5

కుండీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మట్టికుండీనే వాడతాను. మే నెలలో ప్లాస్టిక్ కుండీ మీద చెయ్యి పెడితే కాలుతుంది, లోపల వేరు ఉడికిపోతుంది. మట్టికుండీ చెమర్చి చల్లగా ఉంచుతుంది.


తీగల పందిరి, కాజీపేట | జూన్ 5

ఇక్కడ మీతో ఏకీభవించలేను. చల్లదనం నిజమే. కానీ మట్టికుండీ గోడ నుంచి నీరు నిరంతరం ఆవిరవుతుంది, గోడ లోపల ఉప్పు పేరుకుంటుంది. బయట తెల్లటి పొర కడుతుంది చూడండి, అది లోపలా ఉంటుంది. సన్నటి వేర్లు ఆ గోడకే వెళ్లి అంటుకుంటాయి. పైగా రోజుకు రెండుసార్లు నీళ్లు పోయకపోతే ఎండిపోతుంది. తెల్ల రంగు ప్లాస్టిక్ కుండీ తీసుకుని, నేరుగా ఎండ కుండీకి తగలకుండా పక్కన ఇంకో మొక్క అడ్డం పెడితే వేడి సమస్య చాలావరకు పోతుంది.


పూలకొమ్మ, నిజామాబాద్ | జూన్ 5

నేను పూర్తిగా వాననీళ్లు, ఆర్వోనే వాడతాను కాబట్టి నాకు తెల్లపొర రాలేదు. ప్లాస్టిక్ కుండీని మట్టికుండీలో దించి, మధ్యలో తడి పీచు కుక్కితే ఇద్దరి మాటా నిలబడుతుంది. ఎండాకాలానికి మాత్రం నేను చల్లదనం వైపే.


తీగల పందిరి, కాజీపేట | జూన్ 5

అది మంచి ఆలోచన. ఈ ఏడాది నేనూ అలా పెట్టి చూస్తా.

ఇక హన్మకొండ మేడం అడిగిన అసలు లెక్క. కొలత బరువుతో కాదు, ఒకే డబ్బాతో. మీ బాల్కనీ తూర్పు వైపు, రెండో అంతస్తు, గాలి తగులుతుంది, నీళ్లు రోజుకు ఒకసారి పోయగలరు అనుకుని చెబుతున్నా. కడిగిన కొబ్బరి పీచు ముక్కలు రెండు డబ్బాలు, నానబెట్టి పిండిన స్ఫాగ్నమ్ ఒకటిన్నర, పెర్లైట్ ఒకటి, బొగ్గు ముక్కలు రెండు గుప్పెళ్లు. మాస్‌ను వేళ్లతో విదిలించి కలపండి, ఉండలుగా వదలకండి. కలిపాక గుప్పెట పట్టి గట్టిగా పిండితే నాలుగైదు చుక్కలు కారాలి. ధారగా కారితే మాస్ ఎక్కువైంది, అసలు కారకపోతే తక్కువైంది. కుండీలో నింపి నీళ్లు పోస్తే నిలవకుండా వెంటనే అడుగుకు దిగిపోవాలి. పైన మడుగు కట్టి నెమ్మదిగా ఇంకుతోందంటే గాలి చాలట్లేదు, పెర్లైట్ ఇంకొంచెం వేయండి.

మూడో అంతస్తు డాబా మీద వడగాలికి ఎదురుగా వేలాడదీసేవాళ్లు మాస్ పాలు పెంచుకోండి. నీడపట్టున, గాలి తక్కువున్న వరండాలో ఉంచేవాళ్లు మాస్ సగం తగ్గించి ముక్కలు పెంచండి. పొద్దున్నే డ్యూటీకి వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లకు ఒక మిశ్రమం, ఇంట్లో ఉండి గంటకోసారి చూసుకునేవాళ్లకు ఇంకొకటి. నీళ్లు ఎక్కువ పోసే అలవాటున్న చేతికి మాస్ తక్కువ ఉండాలి. ఇది ఎవరికి వాళ్లు నిజాయితీగా చూసుకోవాల్సిన విషయం.

మార్చేటప్పుడు పాత పీట్‌ను చేత్తో లాగొద్దు. వేర్ల ముద్దను ఆర్వో నీళ్ల బకెట్‌లో ముంచి, అటూఇటూ ఊపుతూ రాలనివ్వండి. రాలనిది వదిలేయండి. కుళ్లిన వేరు మెత్తగా ఉంటుంది, లాగితే తొక్క జారుతుంది, దాన్ని కత్తిరించండి. నలుపు చూసి మంచి వేరును కోయకండి, వీటి ఆరోగ్యకరమైన వేరు రంగే నలుపు. కొత్త కుండీలో మిశ్రమాన్ని అదిమి నింపొద్దు, కుండీని నాలుగుసార్లు తట్టితే అదే సర్దుకుంటుంది. కూజాల్లోని నీళ్లు ఒంపేయకుండా చూసుకోండి. కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచొద్దు.


చలికాలం, ఆదిలాబాద్ | జూన్ 6

మా దగ్గర డిసెంబర్ రాత్రి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఇదే లెక్క పనికొస్తుందా?


తీగల పందిరి, కాజీపేట | జూన్ 6

వెంట్రాటాకు పనికొస్తుంది. చలికాలం నీళ్లు తగ్గించి పొద్దున పూటే పోయండి, రాత్రిళ్లు ఇంట్లోకి తెచ్చుకోండి. చల్లటి తడిలోనే వేరు త్వరగా కుళ్లుతుంది కాబట్టి మీరు పెర్లైట్ ఇంకో అర డబ్బా వేసుకోవచ్చు. బైకాల్కరాటా, ఆంపుల్లేరియాలాంటి పల్లపు ప్రాంతపు రకాలు మాత్రం ఆదిలాబాద్‌లో బయట పెట్టొద్దు. ఎత్తు కొండల రకాలకు మీ శీతాకాలం హాయి గానీ మీ మే నెల గండం. సంకర రకాలతో మొదలుపెట్టండి.


తూర్పు బాల్కనీ, హన్మకొండ | జూలై 21

అందరికీ నమస్కారం. జూన్ చివర్లో వానలు పట్టాక మార్చాను. పాత పీట్ అడుగు సగం బురదలా వాసన వస్తోంది, అక్కడ వేరన్నదే లేదు. పైసగంలో మాత్రం నల్లటి వేర్లు బాగానే ఉన్నాయి. భద్రకాళి గుడి దగ్గర అడిగి తెచ్చిన కొబ్బరి డొక్కలే కోసి వాడాను. మార్చిన తర్వాత రెండు పాత ఆకులు పసుపుపచ్చబడ్డాయి, మళ్లీ ఏం లేదు. ఇప్పుడు కొత్త తీగ కొసన కూజా ఉబ్బుతోంది, మూత ఇంకా విడలేదు, వేలు పొడవు ఉంది. మా బాబు రోజూ స్కూలుకు వెళ్లే ముందు చూసి వెళ్తున్నాడు.

ఒక అనుమానం. మాస్ పైన అక్కడక్కడ ఆకుపచ్చ పాకుడు వస్తోంది. తీసేయాలా?


తీగల పందిరి, కాజీపేట | జూలై 21

చాలా సంతోషం మేడం! పాకుడు పైపైన ఉంటే వానకాలం మామూలే. జిడ్డుగా పొరలా కడితే ఆ పైమాస్ గుప్పెడు తీసి కొత్తది పెట్టండి, రెండు పూటల మధ్య పైభాగం కాస్త ఆరనివ్వండి. మీరు కనిపెట్టి ఉండాల్సింది తెల్లటి పొర. అది కనిపిస్తే ఉప్పు చేరుతున్నట్టు, ఒకసారి వాననీళ్లతో కుండీ మొత్తం కడిగేయండి. నెలకోసారి అడుగు నుంచి కారిన నీళ్లలో మీటర్ ముంచి చూస్తే ముందే తెలిసిపోతుంది.


మొగ్గలు, మంచిర్యాల | జూలై 22

నాది కూడా మార్చాను, ప్యూమిస్ దొరికింది. ఇదే మిశ్రమంలో వీనస్ ఫ్లైట్రాప్ (ఆకులు మూసి ఈగలను పట్టే మొక్క) పెట్టొచ్చా? మిగిలింది చాలా ఉంది.


వృక్షశాస్త్రం మాస్టారు, కరీంనగర్ | జూలై 22

వద్దమ్మా. అది అమెరికాలోని కరోలినా బురద నేలల మొక్క. దానికి స్ఫాగ్నమ్ పీట్ (కోకోపీట్ కాదు, స్ఫాగ్నమ్ నాచు చివికి తయారైనది), పెర్లైట్ లేదా కడిగిన సిలికా ఇసుక కావాలి, కుండీ పళ్లెంలో నీళ్లలో నిలబడాలి, శీతాకాలం చల్లటి నిద్ర కావాలి. కొబ్బరి ముక్కల్లో దానికి పడదు. మిగిలిన మిశ్రమాన్ని ఆరబెట్టి సంచిలో కట్టి పెట్టుకోండి. మీ నెపెంథిస్ పక్క కొమ్మ వేసినప్పుడు కత్తిరించి నాటుకోవడానికి అదే పనికొస్తుంది.